ముందు మీ సభలో ఓటు వేయండి, తర్వాత కోర్టు మెట్లెక్కండి: అమెరికా కాంగ్రెస్ సభ్యులకు ఒక తెలుగు ఓటరు బహిరంగ లేఖ

డాలస్, 2025 జూలై

గౌరవనీయులైన ప్రతినిధుల సభ, సెనేట్ సభ్యులకు,

నమస్కారం. అప్పటి కడప జిల్లా రాజంపేట పక్కన ఒక పల్లెలో పుట్టి, డాలస్ శివార్లలో స్థిరపడి, తొమ్మిదేళ్లుగా ఈ దేశంలో ఓటు వేస్తున్నవాణ్ని. ఇదే విషయం మీద మా నియోజకవర్గం ప్రతినిధి ఆఫీసుకు ఇంగ్లీషులో మూడు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి, మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనదని రెండు లైన్లు వచ్చాయి. మూడోదానికి వచ్చిన జవాబు మాజీ సైనికుల వైద్యం గురించి. నేను అడిగింది అది కాదు. ఫోన్ చేస్తే ఎత్తిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, పేరు, జిప్ కోడ్ రాసుకుంది, అంతే.

అందుకే ఈసారి నా భాషలో, అందరూ చదివేలా రాస్తున్నాను. మీలో తెలుగు చదివేవాళ్లు లేకపోవచ్చు. మీకు ఓటు వేసేవాళ్లలోనూ, వేయనివాళ్లలోనూ చాలామంది ఉన్నారు. ముందు వాళ్లు చదివితే చాలు. మీదాకా మోసుకొచ్చే పని మేం చూసుకుంటాం.

నా ఫిర్యాదు ఒక్కటే. యుద్ధం విషయంలో అధ్యక్షుడు మిమ్మల్ని దాటిపోయినప్పుడల్లా మీలో కొందరు కోర్టుకు వెళ్తున్నారు. ఓడిపోయి తిరిగొస్తున్నారు. ఆ ఓటమికి మూలం కోర్టులో కన్నా మీ సభలోనే ఎక్కువ కనిపిస్తోంది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు మా పెద్దలు. మీరు ఇంట తేల్చుకోకుండానే రచ్చకెక్కుతున్నారు.

గత నెల 23వ తేదీ, సోమవారం. ఇక్కడ మధ్యాహ్నం కావస్తుండగా దోహా నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. వాడక్కడ ఏసీ మెకానిక్. ఒకే గదిలో ఆరుగురు ఉంటారు, అందరూ కడప, జగిత్యాల వైపు పిల్లలే. "మామా, మిద్దె మీదున్నాం. ఆకాశంలో ఏవో ఎగురుతున్నాయి, పేలుతున్నాయి. మీ వాళ్లవేనా?" అన్నాడు. మా వాళ్లవి కావు. అంతకు ముందు రోజు ఇరాన్‌లోని ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్ అణు కేంద్రాల మీద పడ్డ బాంబులు మా వాళ్లవి. వాడు చూస్తున్నవి దానికి బదులుగా దోహా దగ్గరి అమెరికా స్థావరం అల్ ఉదీద్ మీదికి ఇరాన్ వదిలిన క్షిపణులు. దాదాపు అన్నింటినీ గాల్లోనే కూల్చేశారు, ఎవరికీ ఏమీ కాలేదు. ఖతార్ గగనతలం మాత్రం మూసేశారు. మా వీధిలో ఒకాయన తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి దోహా మీదుగా వస్తూ దారి మధ్యలో ఇంకో దేశంలో దిగి, భాష రాని ఎయిర్‌పోర్టులో రాత్రంతా కూర్చున్నారు. ఆ పెద్దాయన షుగర్ మాత్రలు చెక్-ఇన్ పెట్టెలో ఉండిపోయాయి.

ఆ బాంబులు వేయడానికి ముందు మీ రెండు సభల్లో ఒక్క ఓటు కూడా జరగలేదు. సెనేట్ ఓటు వేసింది జూన్ 27న. అప్పటికి బాంబులు పడి, బదులు వచ్చి, కాల్పుల విరమణ కూడా ప్రకటించేశారు. కాంగ్రెస్ అనుమతి లేకుండా ఇరాన్‌తో యుద్ధం చేయొద్దన్న సెనేటర్ టిమ్ కెయిన్ తీర్మానం 47-53తో వీగిపోయింది. మా ఊళ్లో దీన్ని పెళ్లయ్యాక బాజాలు వాయించడం అంటారు. ప్రతినిధుల సభలో రిపబ్లికన్ థామస్ మాసీ, డెమొక్రాట్ రో ఖన్నా కలిసి జూన్ 17నే, అంటే దాడికి ముందే, అలాంటి తీర్మానమే ఒకటి పెట్టారు. ఆ నెలలో దాని మీద ఓటే జరగలేదు.

ఇక 1990. ఈ లేఖకు అసలు కారణం అదే.

ఆ ఏడాది ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు మా నాయన అక్కడ ఒక ఇంటి డ్రైవరు. వీసాకు తెచ్చిన అప్పు ఇంకా సగం కూడా తీరలేదు. బస్రా, బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరి, ఎడారిలో గుడారాల్లో పడుకుని, ఎయిరిండియా విమానంలో బొంబాయి వచ్చి పడ్డాడు. లక్షమందికి పైగా భారతీయులను అలా తీసుకొచ్చారు. ఆయన్ను తరిమింది సద్దాం, అమెరికా కాదు. అది నాకు తెలుసు, ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. ఇంటికొచ్చాక మాత్రం ఆయనకు ఒకటే దిగులు: యుద్ధం వస్తుందా, రాదా? కువైట్ మళ్లీ నిలబడుతుందా, పోయిన జీతం చేతికొస్తుందా? సాయంత్రం రేడియో ముందు కూర్చునేవాడు. నాకు పన్నెండేళ్లు.

చాలా ఏళ్ల తర్వాత, ఇక్కడ పౌరసత్వం పరీక్షకు చదువుతూ చదువుతూ, సరిగ్గా అవే నెలల్లో వాషింగ్టన్‌లో ఒక కోర్టులో ఏం జరిగిందో చదివాను. కాలిఫోర్నియా ప్రతినిధి రాన్ డెల్లమ్స్, ఆయనతో కలిపి మొత్తం 54 మంది కాంగ్రెస్ సభ్యులు, కాంగ్రెస్ అనుమతి లేకుండా ఇరాక్ మీదికి వెళ్లకుండా అధ్యక్షుడు బుష్‌ను ఆపమని దావా వేశారు. జడ్జి హెరాల్డ్ గ్రీన్. డిసెంబరు 13న ఆయన ఇచ్చిన తీర్పును నాలుగైదుసార్లు చదివాను. నేను లాయర్ను కాను. అయినా అర్థమైంది.

ఇది కోర్టులు తలదూర్చకూడని రాజకీయ ప్రశ్న అని ప్రభుత్వం వాదించింది. జడ్జి ఒప్పుకోలేదు. ఒక దాడి యుద్ధమా కాదా అని తేల్చే అధికారం ప్రభుత్వం ఒక్కదానికే వదిలేస్తే, యుద్ధం ప్రకటించే హక్కు కాంగ్రెస్‌కు ఉందని రాజ్యాంగంలో రాసుకోవడం దేనికి అన్నారు. ఇంతవరకూ గెలిచినట్టే. ఆ తర్వాత అసలు మాట వచ్చింది: దావాకు ఇంకా సమయం రాలేదు. కాంగ్రెస్ అంటే 54 మంది కాదు. సభలో మెజారిటీ ఒక నిర్ణయం తీసుకుని వస్తే అప్పుడు వింటాం.

నెల తిరక్కుండానే, 1991 జనవరి 12న మీ ముందువాళ్లు ఓటు వేశారు. సెనేట్‌లో 52-47, ప్రతినిధుల సభలో 250-183. యుద్ధానికి అనుమతి ఇచ్చారు. దావా వల్లే ఆ ఓటు జరిగిందని నేను చెప్పలేను. ఆ ఓటు ఫలితం నాకు నచ్చిందనీ చెప్పను. ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో పేరుపేరునా రాసి ఉంది. నాకు కావలసింది అది.

మిగతా కథలు ఇంత బాగా సాగలేదు.

1973 వేసవిలో కంబోడియా మీద బాంబులు ఆపమని న్యూయార్క్ ప్రతినిధి ఎలిజబెత్ హోల్ట్‌జ్‌మన్, కొందరు వైమానిక దళ అధికారులు కలిసి కోర్టుకు వెళ్లారు. బ్రూక్లిన్‌లో జడ్జి ఆరిన్ జడ్ ఆపమనే ఆదేశించారు. పై కోర్టు ఆ ఆదేశాన్ని నిలిపేసింది. సుప్రీంకోర్టుకు సెలవులు. జస్టిస్ మార్షల్ కాదన్నారు. వాషింగ్టన్ రాష్ట్రంలో కొండల్లో సెలవులు గడుపుతున్న జస్టిస్ డగ్లస్ దగ్గరికి వెళ్తే, ఆయన యాకిమా ఊళ్లో వాదనలు విని, ఆగస్టు 4న బాంబులు ఆపాలన్నారు. కొన్ని గంటల్లోనే మిగతా జడ్జీలు ఫోన్లలో మాట్లాడుకుని ఆ ఆదేశాన్ని కొట్టేశారు. కొద్ది రోజులకే ఒక బి-52 బాంబర్ విమానం గురి తప్పి నేక్ లువాంగ్ అనే పట్నం మీద బాంబులు వేసింది. 137 మంది చనిపోయారు. అది శత్రువుల ఊరు కూడా కాదు, మిత్రుల ఊరు.

చివరికి ఆ బాంబులు ఆగస్టు 15న ఆగాయి. కాంగ్రెస్ ఆ తేదీ తర్వాత పైసా ఇవ్వనని చట్టం చేసింది కాబట్టి ఆగాయి. నలుగురైదుగురు జడ్జీల మధ్య బంతిలా తిరిగిన ప్రశ్నను మీ సభ ఖజానా తాళంతో తేల్చేసింది.

1987లో కువైట్ చమురు ఓడలకు అమెరికా జెండా కట్టి యుద్ధనౌకలు కాపలా కాస్తున్నప్పుడు, ప్రతినిధి మైక్ లౌరీతో కలిసి 110 మంది సభ్యులు కోర్టుకెళ్లారు. ఇది మీలో మీకున్న తగాదా, ముందు మీరే తేల్చుకోండి అన్న ధోరణిలో కొట్టేశారు. ఎల్ సాల్వడార్ మీద వేసిన దావా, గ్రెనడా మీద వేసిన దావా కూడా కోర్టు గుమ్మం దాటలేదు.

1999 కొసావో కథ చదువుతుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. యుగోస్లావియా మీద బాంబులు మొదలై నెల దాటాక, ఏప్రిల్ 28న, ప్రతినిధుల సభ ఒకే రోజు నాలుగు ఓట్లు వేసింది. యుద్ధం ప్రకటిద్దామా? 2-427, వద్దు. సైన్యాన్ని వెనక్కి పిలుద్దామా? 139-290, వద్దు. వైమానిక దాడులకు మద్దతిద్దామా? 213-213, సమానం, అంటే వీగిపోయింది. అనుమతి లేకుండా పదాతి దళాన్ని పంపొద్దని మాత్రం అన్నారు. ఆపైన వచ్చే నెలలో అధ్యక్షుడు అడిగినదానికన్నా ఎక్కువ డబ్బు ఇచ్చారు. ఇలాంటి సభ తరఫున టామ్ క్యాంప్‌బెల్, మరికొందరు కోర్టుకు వెళ్తే జడ్జీలు ఏమంటారు? చట్టం చేసి ఆపే దారి, డబ్బు ఆపే దారి, చివరికి అభిశంసన దారి, అన్నీ మీ చేతుల్లోనే ఉన్నాయి కదా, మా దగ్గరికెందుకు అన్నారు. 78 రోజుల బాంబుల తర్వాత యుద్ధం ముగిసింది. కాంగ్రెస్ అనుమతి తెచ్చుకోవడానికి చట్టం పెట్టిన 60 రోజుల గడువు మధ్యలోనే గడిచిపోయింది.

2011లో లిబియా. డెనిస్ కుసినిచ్, వాల్టర్ జోన్స్, ఇంకో ఎనిమిది మంది, రెండు పార్టీలవాళ్లూ కలిసి జూన్ 15న దావా వేశారు. అదే నెల 24న సభ ఏం చేసింది? లిబియా యుద్ధానికి అనుమతి ఇవ్వనంది, 123-295. ఆ యుద్ధానికి డబ్బు తగ్గించాలన్న బిల్లునూ వద్దంది, 180-238. పెట్టనూ పెట్టదు, కొట్టనూ కొట్టదు. అక్టోబరు 20న జడ్జి రెగ్గీ వాల్టన్ దావాను కొట్టేశారు. గద్దాఫీ చనిపోయింది కూడా ఆ రోజే.

ఈ దావాలు వేసినవాళ్లను నేను తప్పు పట్టడం లేదు. క్యాంప్‌బెల్ రిపబ్లికన్, డెల్లమ్స్ డెమొక్రాట్, కుసినిచ్ తన సొంత పార్టీ అధ్యక్షుడి మీదే కోర్టుకెళ్లాడు. ఊరికే కూర్చున్నవాళ్లకన్నా వాళ్లు నయం. నా బాధ వేరే. మెజారిటీ వెనక లేకుండా వేసిన ప్రతి దావా ఓడిపోతుంది, ఓడిన ప్రతి దావా తర్వాతి అధ్యక్షుడి లాయర్లకు ఒక కొత్త ఇటుక అవుతుంది.

ఇండియా నుంచి చదివేవాళ్లకు ఒక సందేహం రావచ్చు: ఎవరో ఒకరు పిల్ వేయొచ్చు కదా? అక్కడ పోస్టుకార్డు మీద రాసి పంపినా సుప్రీంకోర్టు విచారించిన రోజులున్నాయి. ఇక్కడ లోకస్ స్టాండీ, అంటే దావా వేసే అర్హత, గుమ్మం చాలా ఎత్తు. నీకు స్వయంగా ఏం నష్టం జరిగిందో చూపించాలి. నా ఓటు విలువ తగ్గిపోయిందని సభ్యుడు ఒక్కడే వెళ్తే చెల్లదని 1997లో సెనేటర్ బైర్డ్, మరో ఐదుగురి కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి, యుద్ధానికి ముందు పార్లమెంటు ఓటు తప్పనిసరి అని మన రాజ్యాంగంలో లేదు. ఈ దేశ రాజ్యాంగంలో ఉంది. ఉన్నదాన్ని వాడమనే అడుగుతున్నాను.

1787 ఆగస్టులో ఫిలడెల్ఫియాలో ఈ రాజ్యాంగం రాస్తున్నప్పుడు, యుద్ధం "చేసే" అధికారం కాంగ్రెస్‌ది అని ఉన్న చోట యుద్ధం "ప్రకటించే" అని మార్చారు. ఉన్నట్టుండి ఎవరైనా మీద పడితే ఎదుర్కోవడానికి అధ్యక్షుడికి వీలుండాలని. ఆ చిన్న సందు ఇప్పుడు రాజమార్గమైంది. 1942 జూన్ తర్వాత ఈ దేశం ఒక్క యుద్ధాన్నీ ప్రకటించలేదు. కొరియా, వియత్నాం రెండూ ఆ తర్వాతివే. ఒక్క వియత్నాంలోనే 58,000 మందికి పైగా అమెరికన్ సైనికులు చనిపోయారు.

1973 నవంబరు 7న నిక్సన్ వీటోను కూడా దాటి మీ ముందువాళ్లు యుద్ధాధికారాల తీర్మానం తెచ్చారు. 48 గంటల్లో నివేదిక, 60 రోజుల్లో అనుమతి, లేకుంటే వెనక్కి. రెండు సభలూ కలిసి తీర్మానిస్తే అధ్యక్షుడి సంతకం లేకుండానే సైన్యం వెనక్కి రావాలన్న నిబంధన కూడా అందులో ఉంది. దాని నడుము విరిగింది 1983లో, యుద్ధంతో సంబంధమే లేని కేసులో. కెన్యాలో పుట్టిన భారత సంతతి విద్యార్థి జగదీశ్ రాయ్ చద్దా. వీసా గడువు దాటింది, ఉండనిమ్మని అధికారులు ఒప్పుకున్నారు, ప్రతినిధుల సభ కుదరదంది. అధ్యక్షుడి ముందుకు వెళ్లని అలాంటి వీటో చెల్లదని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మనలాంటి ఒక వీసా మనిషి గెలిచాడని సంతోషమే. ఆ తీర్పు నీడ మాత్రం యుద్ధాధికారాల మీద పడింది. అప్పటినుంచి యుద్ధం ఆపే తీర్మానం కూడా అధ్యక్షుడి బల్ల మీదికే వెళ్తోంది, ఆయన వీటో చేస్తున్నాడు. 2019లో యెమెన్ యుద్ధంలో అమెరికా పాత్ర ఆపాలన్న తీర్మానం సెనేట్‌లో 54-46తో, ప్రతినిధుల సభలో 247-175తో నెగ్గింది. వీటో. 2020లో ఇరాన్ తీర్మానం 55-45, 227-186. మళ్లీ వీటో. యుద్ధం మొదలుపెట్టడానికి మీ మెజారిటీ కావాలని రాజ్యాంగం రాసుకుంది. ఇప్పుడు ఆపడానికి మూడింట రెండొంతులు కావాల్సి వస్తోంది.

దీనివల్ల మామూలు జనానికి ఏమవుతోందో చెప్తాను.

1. సైనికుడికి దిక్కులేకుండా పోతోంది. 2016లో కువైట్‌లో పనిచేస్తున్న కెప్టెన్ నేథన్ స్మిత్ అనే అధికారి ఐసిస్ మీద యుద్ధానికి కాంగ్రెస్ అనుమతి ఉందా లేదా తేల్చమని కోర్టుకెళ్లాడు. ఆయన ఆ యుద్ధానికి వ్యతిరేకి కాదు, చట్టబద్ధమో కాదో తెలుసుకోవాలనుకున్నాడు. కోర్టు వినలేదు. అప్పీలు తేలేలోపు ఆయన సైన్యం వదిలేయడంతో కేసుకే కాలం చెల్లింది. 2020 జనవరిలో బాగ్దాద్‌లో ఇరాన్ జనరల్ సులేమానీని అమెరికా చంపాక, ఇరాక్‌లో అమెరికా సైనికులున్న ఐన్ అల్ అసద్ స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసింది. ఎవరికీ ఏమీ కాలేదని మొదట చెప్పారు. తర్వాత లెక్క తేలితే వందమందికి పైగా మెదడుకు దెబ్బ తగిలింది.

2. దారిన పోయేవాళ్లు పోతున్నారు. అదే రోజు టెహ్రాన్‌లో పైకి లేచిన ఉక్రెయిన్ విమానాన్ని ఇరాన్ క్షిపణులు కూల్చాయి. 176 మంది. సెలవులకు ఇంటికొచ్చి కెనడాకు తిరిగి వెళ్తున్న విద్యార్థులు చాలామంది ఉన్నారు అందులో. ఆ పాపం ఇరాన్‌దే, అందులో మాటే లేదు. ఆ రాత్రి ఆ ఆకాశం అలా ఎందుకు మండుతోందన్న ప్రశ్నకు మాత్రం మీ సభలో ముందుగా ఒక్క ఓటూ లేదు.

3. గల్ఫ్‌లో మనవాళ్లు. దోహా, కువైట్, మనామా, అబూ ధాబీ, వీటన్నింటి పక్కనా అమెరికా స్థావరాలున్నాయి, వాటి చుట్టూ తెలుగు కూలీలున్నారు. మీకు పంపే నివేదికల్లో వాళ్లు లెక్కకు రారు. మా మేనల్లుడు ఆ రాత్రి తర్వాత మూడు రోజులు పనికి వెళ్లలేదు, మూడు రోజుల జీతం కోశారు. చిన్న విషయమే. వాళ్లమ్మ మాత్రం ఆ మూడు రోజులూ అన్నం ముట్టలేదు. ఇక్కడినుంచి నేను ఏమని చెప్పాలి? మా దేశం యుద్ధంలో ఉందా అని అక్క అడిగితే, తెలియదు అన్నాను. నిజంగానే తెలియదు. మీకూ తెలియదు.

4. పర్సు. 1990-91 గల్ఫ్ సంక్షోభంలో చమురు ధరలు పెరిగి, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు ఆగి, అంతకు ముందే బలహీనంగా ఉన్న భారత ఖజానా అడుగంటింది. 1991లో మన దేశం దాదాపు 47 టన్నుల బంగారం విదేశాలకు పంపి తాకట్టు పెట్టింది. పి.వి. నరసింహారావు ప్రధాని అయింది ఆ గడ్డు రోజుల్లోనే. మా ఇంట్లో కూడా అమ్మ గాజులు రెండు ఆ ఏడాదే రాజంపేట సేటు దగ్గరికి వెళ్లాయి. ఒకటి తిరిగొచ్చింది.

ఇక నా డిమాండ్లు. అన్నీ మీ చేతిలో ఉన్నవే.

1. సైన్యం దిగిన ప్రతిసారీ 60 రోజుల్లోపు రెండు సభల్లోనూ పేరు పేరునా ఓటు జరగాలి. అవునన్నా సరే, కాదన్నా సరే. దొడ్డిదారులు మూసేయండి. 2018 డిసెంబరులో యెమెన్ ఓటును తప్పించుకోవడానికి ప్రతినిధుల సభ ఏం చేసింది? ఫార్మ్ బిల్లు చర్చకు పెట్టిన నియమంలోనే, యెమెన్ తీర్మానం ఈ సమావేశాల్లో చర్చకు రాకూడదని ఒక వాక్యం దూర్చి 206-203తో నెగ్గించుకుంది. రైతు బిల్లుకూ యెమెన్‌కూ ఏం సంబంధం? రైతు కొడుకుగా అడుగుతున్నాను.

2. కోర్టుకు వెళ్లాలంటే సభగా వెళ్లండి. ముందు తీర్మానం చేయండి, అధ్యక్షుడు దాన్ని ఖాతరు చేయకపోతే, సభ తరఫున దావా వేసే అధికారం ఇస్తూ రెండో తీర్మానం చేయండి. 2015లో అరిజోనా శాసనసభ మొత్తంగా వెళ్తే లోకస్ స్టాండీ ఉందని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. యుద్ధం కేసులోనూ అలాగే ఒప్పుకుంటారన్న గ్యారంటీ లేదు. కానీ జడ్జి గ్రీన్ 1990లో అడిగిన ప్రశ్నకు ఇప్పటిదాకా ఎవరూ సరైన జవాబు తీసుకుని వెళ్లలేదు.

3. అనుమతి లేని యుద్ధానికి డబ్బు దానంతటదే ఆగిపోవాలి. 2021లో సెనేటర్లు మర్ఫీ, లీ, సాండర్స్, మూడు దిక్కుల మనుషులు, కలిసి ఒక బిల్లు పెట్టారు: 20 రోజుల్లో అనుమతి రాకపోతే నిధులు బంద్. అది అలాగే మూలన పడింది. దుమ్ము దులపండి. వీటో భయం తగ్గేది ఇక్కడే. ఇప్పుడు ఆపడానికి మీకు ఓట్లు కావాలి, అప్పుడు కొనసాగించడానికి ఆయనకు ఓట్లు కావాలి.

4. చట్టంలో సాయుధ ఘర్షణ అంటే ఏమిటో రాయండి. లిబియా మీద నెలల తరబడి విమానాలు, డ్రోన్లు తిరిగినా, నేల మీద మన సైనికులు లేరు కాబట్టి అది ఆ మాట కిందికి రాదని 2011లో విదేశాంగ శాఖ లాయర్ హెరాల్డ్ కో వాదించారు. కింద ఉన్నవాడికి ఆ తేడా తెలుస్తుందా?

5. సెప్టెంబరు 11 దాడుల తర్వాత, 2001లో యుద్ధానికి ఇచ్చిన అనుమతికి గడువు పెట్టండి. అప్పుడు ప్రతినిధుల సభలో 420 మంది అవునంటే బార్బరా లీ ఒక్కరే కాదన్నారు. ఆవిడ ఒకప్పుడు డెల్లమ్స్ ఆఫీసులో పనిచేసి, ఆయన తర్వాత ఆయన సీట్లోకే వచ్చిన మనిషి. ఆ కాగితం పట్టుకునే తర్వాత వచ్చిన అధ్యక్షులు యెమెన్, సోమాలియా, సిరియా దాకా వెళ్లారు. ఇరవై నాలుగేళ్ల నాటి చెక్కు, అంకె రాయకుండా సంతకం పెట్టి ఇచ్చింది, ఇంకా చెల్లుతోంది.

6. ఉత్తరాలకు జవాబు ఇవ్వండి. అచ్చు వేసిన ధన్యవాదాలు వద్దు.

ఇది చదువుతున్న తెలుగువాళ్లకు ఒక మాట. మీ ప్రతినిధి ఆఫీసు నంబరు నెట్‌లో దొరుకుతుంది. ఇండియాలోని పార్టీ నాయకుల మీద ఇక్కడ గంటలు గంటలు వాదించుకుంటాం, మన ప్రతినిధి జూన్‌లో ఎటువైపు నిలబడ్డాడో మనలో చాలామందికి తెలియదు. నాకూ తెలియదు, మొన్న వెతికి తెలుసుకున్నాను. రెండు నిమిషాల ఫోను. పేరు, జిప్ కోడ్ రాసుకుంటారు.

సభ్యులారా, నా నాలుగో ఉత్తరం ఇది. ఒక్క ప్రశ్నకు జవాబు చాలు: మళ్లీ బాంబులు పడే ముందు మీరు మీ సభలో ఓటు అడుగుతారా, అడగరా? అవునో కాదో రాసి పంపండి. మా అక్కకు చదివి వినిపించాలి.

ఇట్లు,
డాలస్ నుంచి ఒక ఓటరు